పేర్ల గురించి పన్నెండు నిమిషాలు: క్యాంపస్ వైవిధ్య సదస్సులో ప్రసంగించిన నా అనుభవం

అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నేను ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. మా క్యాంపస్‌లో ఏటా వసంతకాలంలో జరిగే వైవిధ్య సదస్సులో 2025 ఏప్రిల్ 11న ప్రసంగించాను. దరఖాస్తు పెట్టింది 2024 నవంబరులో. ఆ ఐదు నెలల్లో సదస్సు పేరు మారింది, ఇస్తామన్న డబ్బు ఆగిపోయింది, నాతో తమ అనుభవాలు పంచుకున్నవారిలో ఒకరు భయపడి వెనక్కి తగ్గారు, నేను కూడా మానుకుందామా అని చాలా రాత్రులు ఆలోచించాను. ఇలాంటి సదస్సుకు దరఖాస్తు పెట్టాలనుకునే మన విద్యార్థులకు, ముఖ్యంగా ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారికి, ఏ దశలో ఏమి ఎదురవుతుందో ముందే తెలిస్తే మంచిదని తేదీలతో సహా రాస్తున్నాను.

ముందుగా నా అంశం చెప్పాలి. మన దగ్గర పదో తరగతి మెమోలో పేరు ఎలా పడితే ఆ తర్వాత అన్ని కాగితాల్లోనూ అలాగే నడుస్తుంది. నా మెమోలో ఇంటిపేరు, దాని తర్వాత నా పేరులోని రెండు మాటలు వరుసగా ఉన్నాయి. ఖమ్మంలో పాస్‌పోర్టు దరఖాస్తు నింపినప్పుడు ఆ మూడూ గివెన్ నేమ్ గడిలోకి వెళ్లాయి, సర్‌నేమ్ గడి ఖాళీగా మిగిలింది. అలాంటి పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా వీసాలో మొత్తం పేరును సర్‌నేమ్ గడిలో వేసి, మొదటి పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యు అని, అంటే మొదటి పేరు తెలియదు అని, నింపుతారు. క్యాంపస్‌కు వచ్చాక ఆ మూడు అక్షరాలే నా పేరయ్యాయి. హాజరు పట్టీలో, గ్రంథాలయం పంపే ఉత్తరాల్లో, ఆసుపత్రి గదిలో నర్సు పిలిచే పిలుపులో అవే. మా విభాగంలోనే ఈ మూడు అక్షరాల పేరుతో ఇంకొందరు ఉన్నారు. ఒకసారి నా అసైన్‌మెంటు మార్కులు ఇంకొకరి ఖాతాలో పడ్డాయి. అది సరి కావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లోనే ఈ విషయం గురించి ఎక్కడో ఒకచోట నిలబడి చెప్పాలని నిశ్చయించుకున్నాను.

సదస్సు ప్రకటన అక్టోబరు మొదటి వారంలో వచ్చింది. 250 పదాల సంగ్రహం, ప్రసంగం విన్నవారు ఏమి నేర్చుకుని వెళతారో చెప్పే మూడు వాక్యాలు, ప్రసంగించేవారి గురించి 100 పదాల పరిచయం అడిగారు. గడువు నవంబరు 15 అర్ధరాత్రి. చదువుకు సంబంధించిన పరిశోధన సదస్సులకూ దీనికీ తేడా ఉందని అప్పుడే గ్రహించాను. అక్కడ మీ ఫలితం ఏమిటని అడుగుతారు, ఇక్కడ మీరు చెప్పినది విన్నవారు మరుసటి రోజు తమ కార్యాలయంలో ఏమి మార్చగలరని అడుగుతారు. నా చేత దరఖాస్తు రాయించిన ఆచార్యురాలు నా మొదటి చిత్తుప్రతి చదివి, బాధ చాలా స్పష్టంగా ఉంది, కోరిక మాత్రం ఎక్కడా కనిపించడం లేదు, ఒక్క కోరిక పెట్టుకోండి, అది తీర్చగలిగిన ఉద్యోగి ఆ గదిలో కూర్చుని ఉంటారనుకుని రాయండి అన్నారు. ఈ మొత్తం ప్రయాణంలో నాకు అందిన అతి విలువైన సలహా అదే. నా కోరిక ఇదని రాశాను: విద్యార్థి తాను పిలిపించుకోదలచిన పేరును ఒకచోట నమోదు చేస్తే, చట్టం ప్రకారం పాస్‌పోర్టు పేరే ఉండవలసిన కాగితాలు మినహా మిగిలిన అన్నిచోట్లా ఆ పేరే కనబడాలి.

డిసెంబరు 12 నాటికి చెబుతామన్న ఫలితం 17న వచ్చింది. అంగీకరించారు, అయితే నేను అడిగిన 45 నిమిషాల బదులు 20 నిమిషాలు ఇచ్చారు. అందులో 12 నిమిషాలు మాట్లాడటానికి, 5 నిమిషాలు ప్రశ్నలకు, మిగిలినవి వక్త మారడానికి. అదే ఉత్తరంలో, ఇతర విద్యార్థుల అనుభవాలను మీ ప్రసంగంలో ఉటంకించేటట్లయితే ఐఆర్‌బీ నిర్ణయపత్రం జతచేయండి అని ఒక్క వాక్యం ఉంది. మనుషుల మీద జరిగే పరిశోధనను పరిశీలించే ఆ సమీక్షా మండలి వైద్యపరీక్షలకే పరిమితమని అనుకునే విద్యార్థులు మనలో ఎక్కువమందే ఉంటారు. నలుగురితో మాట్లాడి వారి మాటలు ఒక సభలో చెప్పడం కూడా వారి పరిధిలోకి రావచ్చు. దానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక శిక్షణ పూర్తిచేయాలి, అది రెండు సాయంత్రాలు తీసుకుంటుంది. మా విశ్వవిద్యాలయంలో విద్యార్థి పేరు మీద దరఖాస్తు తీసుకోరు, ఆచార్యులే ప్రధాన పరిశోధకులుగా సంతకం చేయాలి. అడగబోయే ప్రశ్నలు, సమ్మతిపత్రం, రికార్డింగులు ఎక్కడ దాచి ఎప్పుడు చెరిపేస్తామన్న వివరం అన్నీ ముందే ఇవ్వాలి. డిసెంబరు 19న పంపాను. శీతాకాలపు సెలవులు అడ్డం రావడంతో జనవరి 27న గానీ జవాబు రాలేదు. పూర్తి సమీక్ష అవసరం లేదని మినహాయింపు ఇచ్చారు. అంతవరకూ ఒక్కరితో కూడా ఇంటర్వ్యూ చేయకూడదు కాబట్టి, ఆ ఐదు వారాలకు పైగా కాలం నేను ప్రశ్నలు దిద్దుకుంటూ కూర్చున్నాను. సదస్సుకు దరఖాస్తు పెట్టే రోజునే ఈ పనీ మొదలుపెట్టడం మేలు.

ఫిబ్రవరి నెలంతా ఇంటర్వ్యూలు చేశాను. తెలుగువారు, తమిళులు, ఇండోనేషియా, మయన్మార్, ఇథియోపియా దేశాల విద్యార్థులు వచ్చారు. ఒక్కొక్కరితో అరగంట అనుకున్నది గంట దాటేది. ఇథియోపియాలో కుటుంబానికంతా ఉమ్మడిగా ఉండే ఇంటిపేరు వాడుకలో లేదు, తన పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా వస్తాయి. అందుకే ఆ దేశపు ప్రధాని అబీయ్ అహ్మద్‌ను అబీయ్ అనే అంటారు, అహ్మద్ ఆయన తండ్రి పేరు. అక్కడినుంచి వచ్చిన అబ్బాయిని తరగతిలో తండ్రి పేరుతో పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ మా నాన్నను పిలుస్తున్నట్టే ఉంటుంది, ఆయన రెండేళ్ల క్రితం పోయారు అని అతను చెప్పినప్పుడు నేను రికార్డరు ఆపేసి కాసేపు ఊరుకున్నాను. ఇండోనేషియా విద్యార్థికి పుట్టుకతో ఒకే ఒక్క పేరు. కంప్యూటరు రెండో గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు కనుక అదే పేరును రెండుసార్లు వేశారు.

తెలుగు విద్యార్థులతో జరిగిన సంభాషణల్లో ఒకటి నా ప్రసంగాన్ని పూర్తిగా మార్చివేసింది. అంతవరకూ నా వాదన సూటిగా ఉండేది: ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత వచ్చే మన పద్ధతిని విశ్వవిద్యాలయం అర్థం చేసుకోవాలి, మన పేర్లను మన క్రమంలో రాయాలి. ఒక అమ్మాయి అంతా విని ఇలా అంది: "అక్కా, నాకు ఇంటిపేరు కనబడకపోవడమే కావాలి. ఇక్కడికి వచ్చిన మొదటి వారంలో గదికోసం వెతుకుతుంటే, ఫోన్లో మాట్లాడిన ప్రతి తెలుగువాళ్లూ ముందు ఇంటిపేరే అడిగారు. చెప్పాక కొందరు గది నిండిపోయిందన్నారు. తరగతి పట్టీలో నా పేరు ఎఫ్‌ఎన్‌యు అని పడినందుకు నాకేమీ బాధ లేదు. కనీసం అక్కడ ఎవరూ నా కులం లెక్కగట్టరు."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇంటిపేరు వినగానే ఊరూ కులమూ ఆరా తీసే అలవాటును మనవాళ్లు సముద్రాలు దాటినా వదిలిపెట్టలేదని నాకు తెలియనిది కాదు, నన్నూ అడిగారు. కానీ అడిగిన తర్వాత నాకెవరూ గది నిరాకరించలేదు, కాబట్టి ఆ ప్రశ్న నా మనసులో గాయంగా నిలవలేదు. అమెరికాలోనూ ఈ విషయం సంస్థల దాకా వెళ్లింది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థ 2022లో వివక్ష నిషేధ నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. సియాటిల్ నగరం 2023లో చట్టమే చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అక్కడి గవర్నరు తిరస్కరించారు. మా విశ్వవిద్యాలయం నిబంధనల్లో కులం ప్రస్తావన లేదు. పేరును సరైన క్రమంలో రాయండి అని నేను సభలో అడిగి, అది అమలైతే, ఆ అమ్మాయి దాచుకోదలచినదాన్ని నా చేతులతో నేనే అందరి ముందూ పెట్టినట్టవుతుంది. సరైన పేరు ఏదో విశ్వవిద్యాలయమూ నిర్ణయించకూడదు, మన సంప్రదాయమూ నిర్ణయించకూడదు, ఆ పేరు మోసే మనిషే నిర్ణయించాలి. స్లైడ్లన్నీ ఈ వాదన చుట్టూ తిరగరాశాను. దరఖాస్తులో పెట్టిన కోరిక మాత్రం అక్షరం మారలేదు, దానికి కారణం మారింది.

ఈలోగా బయట పరిస్థితి మారిపోతూ వచ్చింది. జనవరి 20, 21 తేదీల్లో కొత్త అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వులు వైవిధ్య కార్యక్రమాలను లక్ష్యంగా చేసుకున్నాయి. ఫిబ్రవరి 14న సమాఖ్య విద్యాశాఖ విశ్వవిద్యాలయాలన్నింటికీ ఉత్తరం రాసి, 14 రోజుల్లో తమ వ్యాఖ్యానానికి అనుగుణంగా మారకపోతే నిధులు పోయే ప్రమాదం ఉందని హెచ్చరించింది. ఫిబ్రవరి చివరి వారంలో సదస్సు నిర్వాహకుల నుంచి ఉత్తరం వచ్చింది. సదస్సు పేరులోంచి వైవిధ్యం, సమత అన్న మాటలు తీసేశారు, క్యాంపస్ జీవితం, ఆత్మీయత అన్న అర్థం వచ్చే కొత్త పేరు పెట్టారు. ప్రసంగాల శీర్షికల్లో కొన్ని మాటలు ఉంటే మార్చి పంపమని, లేదంటే తామే మారుస్తామని మర్యాదగానే రాశారు. నా శీర్షికలో ఉన్న సమత అన్న మాట తీసేయవలసి వచ్చింది. సంగ్రహం జోలికి మాత్రం వెళ్లలేదు.

నా వరకు శీర్షికలో ఒక మాట పోయినంత మాత్రాన విషయం పోదు. అయితే అన్నిచోట్లకూ చేరాలని నేను కోరుతున్న పేరు నమోదు సౌకర్యం మా క్యాంపస్‌లో మొదట వచ్చింది ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు ఏళ్ల తరబడి అడగడం వల్ల. వారు తెరిపించిన తలుపులోంచే మా వంటి విదేశీ విద్యార్థులు కూడా లోపలికి వచ్చాం. జనవరి 20 ఉత్తర్వుల్లో ఒకటి నేరుగా వారి గుర్తింపునే తాకింది. ఇప్పుడు ఆ సౌకర్యాన్ని కేవలం విదేశీ విద్యార్థుల అవసరంగా చూపిస్తే నా పని సులువవుతుందని ఒకరిద్దరు స్నేహితులు సూచించారు. దానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆ చరిత్రను రెండు వాక్యాల్లో చెప్పే స్లైడును అలాగే ఉంచాను.

సదస్సు పేరు మారడం వల్ల ఊహించని పని ఒకటి మీద పడింది. నేను అందరి చేతా సంతకం చేయించుకున్న సమ్మతిపత్రంలో మీ మాటలు ఫలానా సదస్సులో వినిపిస్తాను అని పాత పేరు ఉంది. సమీక్షా మండలికి రాసి అడిగితే, కొత్త పేరు తెలియజేస్తూ ప్రతి ఒక్కరికీ ఉత్తరం పంపి, వారి జవాబులు భద్రపరచమన్నారు. ఆ జవాబులన్నీ రాబట్టడానికే దాదాపు రెండు వారాలు పట్టింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అక్టోబరు ప్రకటనలో విద్యార్థి వక్తలకు 150 డాలర్లు ఇస్తామన్నారు. ఎఫ్‌-1 విద్యార్థులు దాన్ని నేరుగా తీసుకోవచ్చా అని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగితే, మా క్యాంపస్‌లో రసీదులు చూపించి ఖర్చు తిరిగి తీసుకునే పద్ధతిలో వెళ్లమన్నారు, కాబట్టి మొదటినుంచీ రసీదులు దాచాను. మార్చి మధ్యలో ఆ నిధి నిలిపివేశామని ఉత్తరం వచ్చింది. 40 డాలర్ల నమోదు రుసుము మాత్రం వక్తలకు లేదు, అది కూడా వేరే ఫారం నింపి అడిగితేనే. నాకు చేతినుంచి అయిన ఖర్చులో ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు కలిపే అడాప్టరుకు 19, పాత దుస్తుల దుకాణంలో కొన్న కోటుకు 16, కరపత్రాల ముద్రణకు 22 డాలర్లు పోయాయి. శుక్రవారం భోజనశాలలో నా ఆరు గంటల పని వదులుకోవాల్సి వచ్చింది, నా నెల బడ్జెట్టులో అదే పెద్ద దెబ్బ. ఎఫ్‌-1 విద్యార్థులు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదన్న నిబంధన వల్ల, ఆ వారం పోయిన గంటలను, అప్పటికే గంటలు నిండిన తర్వాతి వారంలో కలుపుకునే వీలు లేదు.

మార్చి చివరి వారం నుంచి అసలు భయం మొదలైంది. మార్చి 25న మసాచుసెట్స్‌లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన తుర్కియే (టర్కీ) విద్యార్థినిని ముఖాలు కప్పుకున్న అధికారులు వీధిలో అదుపులోకి తీసుకున్న దృశ్యం అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఏప్రిల్ మొదటి వారంలో దేశమంతటా విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లోని రికార్డులు ఏ ముందస్తు సమాచారమూ లేకుండా రద్దవుతున్నాయని వార్తలు వచ్చాయి. తెలుగు ఛానళ్లలో రాత్రింబవళ్లు అదే చర్చ. నాన్న ఫోన్ చేసి, "తల్లీ, ఆ మీటింగులో మాట్లాడకపోతే నీ చదువుకేమైనా నష్టమా?" అని అడిగారు. లేదన్నాను. "మాట్లాడితే?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణం మీద నేను ఇక్కడ ఉన్నాను. నాకేమైనా అయితే ఆ వాయిదాలు ఖమ్మంలో కట్టవలసింది ఆయనే. అమ్మ ఏమీ అనలేదు, పక్కన కూర్చుని వింటోందని మాత్రం తెలుస్తోంది.

మరుసటి రోజు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో సలహాదారుతో మాట్లాడాను. తాము న్యాయసలహా ఇవ్వలేమని ముందే చెప్పి, విశ్వవిద్యాలయ కార్యక్రమంలో చదువుకు సంబంధించిన అంశంపై మాట్లాడటం వీసా నిబంధనలకు విరుద్ధం కాదని, అయినా ప్రస్తుతం ఏది దేనికి దారితీస్తుందో హామీ ఇవ్వలేమని చెప్పారు. నా రికార్డు సక్రమంగా ఉందని నా ముందే చూసి చెప్పారు, విద్యార్థులకు ఉచితంగా న్యాయసహాయం చేసే క్యాంపస్ కార్యాలయం నంబరు ఇచ్చారు. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ప్రసంగం చేస్తాను, అయితే వీడియో రికార్డింగుకు, ఫొటోలకు సమ్మతించను, కార్యక్రమ పుస్తకంలో నా పేరు బదులు విభాగం పేరు మాత్రమే వేయమంటాను. నిర్వాహకులు మూడింటికీ వెంటనే ఒప్పుకున్నారు. అలా అడిగినది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసింది. నాన్నకు ఈ వివరాలన్నీ చెప్పాక, "సరే, నీకు తోచినట్టు చెయ్యి, అయిపోగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి" అన్నారు.

ఏప్రిల్ 8న, ఇంటిపేరు గురించి చెప్పిన ఆ అమ్మాయి తన మాటలు తీసేయమని సందేశం పంపింది. పేరు లేకపోయినా, ఉన్న కొద్దిమంది తెలుగువాళ్లలో ఎవరో ఒకరు గుర్తుపడతారేమోనని భయపడింది. సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు తనకు ఉంది, అది ముందే రాసి ఇచ్చాను. రికార్డింగు చెరిపేశాను, స్లైడు తీసేశాను, ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇంటిపేరు అడిగే అలవాటును నా సొంత అనుభవంలోంచి, నన్ను అడిగిన ప్రశ్నగా మాత్రమే చెప్పాను. పైన నేను ఉటంకించిన ఆమె మాటలను, ప్రసంగం అయిపోయాక, వివరాలు కొన్ని మార్చి, ఆమెకు చూపించి, అనుమతి తీసుకునే రాశాను.

సన్నాహంలో అందరికీ ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది. వినికిడి లోపం ఉన్నవారి కోసం ప్రతి గదిలోనూ మాటలను అప్పటికప్పుడు తెరమీద అక్షరాలుగా టైపు చేసే నిపుణులు ఉంటారు. వారు వారం ముందే స్లైడ్లు, ప్రసంగ పాఠం, అందులో వచ్చే అన్ని పేర్ల జాబితా, ఉచ్చారణతో సహా అడిగారు. స్లైడ్ల మీద అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదని, బొమ్మ చూపితే అందులో ఏముందో మాటల్లో చెప్పాలని, గొంతు పెద్దదైనా మైకు వాడాల్సిందేనని నియమాలు ఉన్నాయి. పేర్ల జాబితా పంపమని అడిగినవారు ఆ విశ్వవిద్యాలయంలో నాకు తారసపడటం అదే మొదటిసారి. నేను పంపిన ఉచ్చారణలను చదివి, ఒకదాని గురించి సందేహం అడుగుతూ తిరిగి రాశారు కూడా.

ఏప్రిల్ 11 శుక్రవారం ఉదయం ఏడున్నరకు విద్యార్థి భవనం చేరాను. నమోదు బల్ల దగ్గర నా బ్యాడ్జి మీద ఎఫ్‌ఎన్‌యు అని అచ్చయి ఉంది. ఫారంలో నేను వేరే పేరు నింపినా, బ్యాడ్జీలు విశ్వవిద్యాలయ ఖాతా నుంచి నేరుగా వచ్చాయట. అక్కడున్న వాలంటీరు చాలా నొచ్చుకుని ఖాళీ కార్డు మీద మార్కరుతో నేను చెప్పిన పేరు రాసి ఇచ్చింది. ఫొటోలు వద్దన్నవారికి ఎర్ర పట్టీ, ఫరవాలేదన్నవారికి ఆకుపచ్చ పట్టీ మెడలో వేసుకోవడానికి ఇస్తున్నారు. ఎర్ర పట్టీల పెట్టె త్వరగా ఖాళీ అయింది.

నా వంతు పదిన్నరకు. అరవై కుర్చీలున్న గదిలో పాతికమంది దాకా ఉన్నారు. నాకంటే ముందు మాట్లాడినవారు నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకోవడంతో, నా సమయంలోంచి రెండు నిమిషాలు తగ్గించుకోమని అధ్యక్షత వహించినవారు చీటీ పంపారు. వదిలేయగలిగిన స్లైడ్లేవో ముందే గుర్తుపెట్టుకుని ఉంచుకోవాలని మా ఆచార్యురాలు చెప్పడం అప్పుడు అక్కరకు వచ్చింది. వెన్నంతా చెమట పట్టింది, మొదటి నిమిషం నా గొంతు నాకే వేరేవారిదిలా వినిపించింది.

ప్రసంగాన్ని జీవరసాయన శాస్త్రవేత్త యెల్లాప్రగడ సుబ్బారావు గారితో మొదలుపెట్టాను. భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో పనిచేసిన ఆయన 1925లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ప్రచురించిన భాస్వరం కొలత పద్ధతికి వారిద్దరి పేర్లే నిలిచిపోయాయి. మనకు ఆయన ఇంటిపేరు యెల్లాప్రగడ. పరిశోధన పత్రాల ఉటంకింపుల్లో అది ఒక్క అక్షరంగా కుదించుకుపోయి, సొంతపేరే సర్‌నేమ్ అయింది. తర్వాత ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా 1961 నుంచి 1971 వరకు పనిచేసిన ఊ థాంట్ చిత్రం చూపించాను, ఆయన పేరు థాంట్ అన్నది ఒక్కటే, ముందున్నది గౌరవవాచకం. సంస్థలు వందేళ్లుగా ఇలాంటి పేర్లతో పనిచేస్తూనే ఉన్నాయని, కొత్తగా వచ్చిపడిన చిక్కు కాదని చెప్పడానికే ఆ రెండు ఉదాహరణలు. తెరమీద అక్షరాలు చూస్తే యెల్లాప్రగడ తప్పు లేకుండా పడింది. ఆ క్షణం నుంచి నా గొంతు నాకు దొరికింది. ఆ తర్వాత విద్యార్థుల మాటలు, ఇంటిపేరు చుట్టూ మనవాళ్లు అడిగే ప్రశ్న, చివరకు నా కోరిక. తండ్రి పేరుతో పిలిపించుకునే విద్యార్థి వాక్యం చదివినప్పుడు ముందు వరుసలో ఒకావిడ కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూశాను, చూడగానే తల తిప్పుకుని తర్వాతి స్లైడుకు వెళ్లాను, లేకపోతే ముందుకు సాగలేకపోయేదాన్ని.

ప్రశ్నల సమయంలో ఒక ఆచార్యుడు, అందరూ పలకగలిగే చిన్న పేరు పెట్టుకుంటే సమస్య తీరదా అని అడిగారు. దురుద్దేశంతో అడిగిన ప్రశ్న కాదు. పెట్టుకోదలచినవారు పెట్టుకోవచ్చు, పెట్టుకోక తప్పని స్థితి ఉండకూడదన్నదే నా వాదన అని చెప్పాను. ఆ తర్వాత వెనక వరుసలోంచి రిజిస్ట్రార్ కార్యాలయంలో పనిచేసే ఒకావిడ లేచి, మీరు చెప్పే పేరు నమోదు సౌకర్యం మా దగ్గర ఇప్పటికే ఉంది, అది ఏయే చోట్లకు చేరడం లేదో మీ దగ్గర జాబితా ఉందా అని అడిగారు. ఉంది. హాజరు పట్టీ, గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం, పరీక్ష కేంద్రం, ఆ ఉదయం నాటి బ్యాడ్జితో సహా కరపత్రం వెనక పేజీలో రాసి ఉంచాను, చివరిది అక్కడికక్కడే పెన్నుతో చేర్చి ఇచ్చాను. అందరూ వెళ్లాక ఇద్దరు తెలుగు విద్యార్థులు వచ్చి, చాలా బాగా చెప్పారని అన్నారు. వారిలో ఒకరు వెంటనే మా ఇంటిపేరు ఏమిటని అడిగారు. చెప్పను అన్నాను, మెల్లగానే. అతను కాసేపు ఆగి, క్షమించమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ చెప్పాను.

ఏప్రిల్ 15న రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది, 23న పిలిచి మాట్లాడారు. ఆరోగ్య కేంద్రం, పరీక్ష కేంద్రం వాడే సాఫ్ట్‌వేర్లు వేరే కంపెనీలవి, వాటికి పేరు పంపే మార్గం వేసవిలో చూస్తామన్నారు. హాజరు పట్టీలు మాత్రం తమ చేతిలోనే ఉన్నాయి కాబట్టి, వేసవి తరగతులకు ముందే, విద్యార్థి వేరే పేరు నమోదు చేసినచోట ఎఫ్‌ఎన్‌యు కనబడకుండా మారుస్తామని చెప్పారు. పట్టాలో, వీసాకు ఆధారమైన ఐ-20 పత్రంలో, జీతం కాగితాల్లో పాస్‌పోర్టు పేరే ఉంటుంది, అది వారు మార్చగలిగినది కాదు. ఆ పేరు నమోదు సౌకర్యం మీద పైనుంచి సమీక్ష జరుగుతోందని, తమ వరకు దాన్ని తీసేసే ఆలోచన లేదని కూడా చెప్పారు, అంతకుమించి హామీ ఇవ్వలేకపోయారు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 25న, రద్దయిన సెవిస్ రికార్డులను పునరుద్ధరిస్తున్నట్టు ప్రభుత్వం కోర్టులో చెప్పిందన్న వార్త విని మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

కొత్తగా వచ్చే మన విద్యార్థులు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. వీసాకు వెళ్లకముందే పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందేమో చూసుకుని, కావాలంటే అప్పుడే మార్పించుకోవడం తేలిక. ఇక్కడికి వచ్చాక మారిస్తే ఐ-20, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నీ ఒకదాని వెనక ఒకటి మార్చుకుంటూ పోవాలి, వీసా మాత్రం పాత పేరుతోనే మిగిలిపోతుంది. సర్‌నేమ్ గడిలో ఇంటిపేరే పెట్టాలా, వేరే మాట పెట్టాలా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం, ఏజెంటు చేతికి వదిలేయకండి. మా క్యాంపస్‌లో హాజరు పట్టీల మార్పు 2025 మే మూడో వారంలో మొదలయ్యే వేసవి తరగతుల్లో కనబడాలి. నేను ఆ తరగతుల్లో ఒకదానికి నమోదు చేసుకున్నాను.